మైకక్క మెమోలో పంది

మైకక్క గొంతుకి మైకుతో పనిలేదన్న సంగతి మొదట బయటపడింది సామాన్ల గదిలో. అప్పటికింకా ఆవిడ మైకక్క కాదు. బస్టాండు వెనకవైపు ప్రయాణికులు పెట్టెలూ సంచులూ దాచుకునే ఇరుకు గదిలో, వాటికి నంబరు చీటీలు కట్టే ఉద్యోగం ఆవిడది. ఒక మధ్యాహ్నం బూడిదరంగు కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, తనదే అనుకుని పక్కవాళ్ల పెట్టె పట్టుకుని బస్సెక్కబోయాడు. ఈవిడ గుమ్మంలోకి వచ్చి, "ఓ కోటన్నయ్యా! అది మీ పెట్టె కాదు! మీ పెట్టెకి తాళం కూడా లేదు, తాడు కట్టి తెచ్చారు!" అని ఒక్క కేక వేసింది. కోటన్నయ్య ఆగాడు. కదులుతున్న రెండు బస్సులు కూడా ఆగాయి. మేడమీద టీ తాగుతున్న అప్పటి మేనేజరు చేతిలో గ్లాసు జారి చొక్కా తడిసింది. ఆయన తడిచొక్కాతోనే దిగొచ్చి, "అమ్మా, నిన్ను మైకు ముందు కూర్చోబెడతాను. అక్కడైనా మెల్లగా మాట్లాడతావేమో చూద్దాం" అన్నాడు.

అలా మొదలై, నేను చెప్పబోయే గొడవ నాటికి ఇరవై మూడేళ్లుగా ఆవిడ ఆ మైకు ముందే కూర్చుంటోంది. మెల్లగా మాట్లాడటం మాత్రం అలవాటు కాలేదు.

నాది నాలుగో ప్లాట్‌ఫారం మీద పుస్తకాల కొట్టు. వారపత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పోటీపరీక్షల గైడ్లు, జేబు నిఘంటువులు అమ్మేవాణ్ణి. మైకు గది నా కొట్టుకి సరిగ్గా ఎదురు. ముందువైపంతా అద్దం. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరుగుతూ టకటకలాడే ఫ్యాను, గోడకి బస్సుల వేళల పట్టిక. అచ్చువేసిన అంకెల కింద ఆవిడ పెన్సిలుతో అసలు వేళలు రాసుకునేది. "పైది వాళ్ల కోరిక, కిందది మన ఖర్మ" అనేది. మైకు మెడకి చేతిరుమాలు చుట్టి ఉండేది. అంతకు నాలుగేళ్ల ముందు కప్పు కారి దానిమీద వాననీళ్లు పడ్డప్పటినుంచి అది ఊరికే గుర్రుమంటూ ఉండేది. రుమాలు చుడితే కాస్త ఊరుకునేది.

పెద్దాఫీసువాళ్లు రాసిచ్చిన వాక్యాల్ని ఆవిడ పొల్లుపోకుండా చదివేది. చదివాక తన సొంతం కలిపేది. "మీ సామాన్లకు మీరే బాధ్యులు" అని చదివి, "ఏడో ప్లాట్‌ఫారం మీద కునుకు తీస్తున్న నీలంచొక్కా తమ్ముడూ, నీకే చెప్తున్నా. నీ సంచి మీద కుక్క పడుకుంది" అనేది. మొగుడూ పెళ్లాలు నిలబడి పోట్లాడుకుంటుంటే, "ఇద్దరూ కూర్చుని పోట్లాడుకోండమ్మా, మీ బస్సుకింకా నలభై నిమిషాలుంది" అనేది. తిట్టించుకున్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. నవ్వనివాళ్లు కోపంగా మైకు గది దాకా వచ్చి, అద్దం వెనక ఆవిడ చెయ్యూపి పలకరించేసరికి ఏమనాలో తెలియక, "ఇక్కడ మంచినీళ్లెక్కడ?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు.

ఇల్లు రెండు వీధుల అవతల, మేడమీద రెండు గదులు. కింద ఆవిడ భర్తకి వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది. కంటికి భూతద్దం తగిలించుకుని వంగి కూర్చునే మనిషి. రోజుకి పదిహేను మాటలు దాటితే ఆవిడ ఆయన నుదుటిమీద చెయ్యిపెట్టి జ్వరమేమోనని చూసేది. "ఆయన ఇంట్లో పొదుపు చేసే మాటలన్నీ నేను బస్టాండులో ఖర్చుపెడతా తమ్ముడూ" అనేది నాతో. ఒక్కతే కూతురు, వేరే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు.

ఇలా సాగిపోతున్న రోజుల్లో కొత్త మేనేజరు వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఉండేవాడు. పదిరోజుల్లో ఆయనకి సర్క్యులర్ సార్ అని పేరు పడింది. కుర్చీలు బల్లలోపలికి తోసి లేవాలని ఒక సర్క్యులర్. చీపురు నిలబెట్టాలా పడుకోబెట్టాలా అన్నదానిమీద ఒక సర్క్యులర్, వారం తర్వాత దానికి సవరణ. మనిషి చెడ్డవాడు కాదు. గదిలో కూర్చుని కాగితం మీద సరిగ్గా రాస్తే బయట అన్నీ సరిగ్గా జరుగుతాయని ఆయనకో గట్టి నమ్మకం. ఆ నమ్మకం పదకొండో సర్క్యులర్‌లో మైకు గదిదాకా వచ్చింది.

"ఇకపై మైకులో 'ఆలస్యం' అను మాట వాడరాదు. దీనివల్ల ప్రయాణికులకు నిరుత్సాహం కలుగుచున్నది. బదులుగా 'స్వల్ప సమయ సవరణ' అనవలెను."

మైకక్క దాన్ని రెండుసార్లు చదివి, గోడమీది పట్టిక పక్కనే అంటించింది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం చూసి నాకు భయం వేసింది.

ఆ వారంలోనే ఒకరోజు పదిన్నర బస్సు దారిలో ఎక్కడో చెడిపోయింది. ప్లాట్‌ఫారం మీద అరవైమంది. మండే ఎండ. పదకొండింటికి మైకక్క బుద్ధిగా, "పదిన్నర బస్సుకి స్వల్ప సమయ సవరణ జరిగింది" అని చదివింది. జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. పదకొండున్నరకి మళ్లీ అదే చదివింది. ఒక ముసలావిడ కర్ర తాటించుకుంటూ అద్దం దగ్గరికి వచ్చింది.

"అమ్మా, బస్సుకేదో సవరణంటున్నావు. ఆపరేషనా?"

"అలాంటిదే పెద్దమ్మా."

"బతుకుతుందా?"

మైకక్క ఆవిడకి లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఒంటిగంటన్నర దాకా ఓపిక పట్టింది. తర్వాత మైకు దగ్గరికి లాక్కుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పదిన్నర బస్సుకి జరుగుతున్న స్వల్ప సమయ సవరణ విజయవంతంగా మూడు గంటలు పూర్తిచేసుకుంది. బస్సు క్షేమం. డ్రైవరు క్షేమం. సవరణ కనిపెట్టినవారు మేడమీద ఫ్యాను కింద క్షేమం. మీరు కూడా క్షేమంగా ఉండాలని కోరుకుంటూ, మంచినీళ్లు రెండో ప్లాట్‌ఫారం దగ్గర ఉన్నాయని తెలియజేస్తున్నాం."

బస్టాండు మొత్తం గొల్లుమంది. తిట్టుకుంటూ కూర్చున్న అరవైమందీ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎవరో ఫోనులో రికార్డు చేశారు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. మర్నాడు పొద్దున్నే కూతురు ఫోను చేసి, "అమ్మా, మా వార్డులో కట్టు మార్చేటప్పుడు కూడా 'స్వల్ప సవరణ' అంటున్నారే" అంది. ఆ మధ్యాహ్నానికి పెద్దాఫీసు నుంచి సర్క్యులర్ సార్‌కి ఫోను వచ్చింది. అక్కడివాళ్లు నవ్వలేదట.

రెండు రోజులకి మైకక్కకి మెమో వచ్చింది. ఇంగ్లీషులో, ఒక పేజీ, కింద ముద్ర. సర్క్యులర్లు తెలుగులో రాసినా, శిక్ష ఇంగ్లీషులో ఉంటేనే బరువుంటుందని ఆయన లెక్క. బస్సుల బోర్డులు చదివి చదివి మైకక్కకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కానీ అర్థాలు అంతంతమాత్రం. కాగితం పట్టుకుని నా కొట్టుకి వచ్చింది. మిగతాదంతా నేను చెప్పగలిగాను. మైకుని దుర్వినియోగం చేశావు, ఏడు రోజుల్లో జవాబివ్వు, ఇంత వరకు నాకొచ్చు. మధ్యలో ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. 'డిస్‌గ్రంటిల్డ్ ఉద్యోగి' అని ఉంది. ఒకసారి కాదు, మూడుసార్లు ఉంది.

నా కొట్టులో జేబు నిఘంటువు తీసి చూశాను. "అసంతృప్తి చెందిన, చిరచిరలాడే" అని ఉంది.

"నాకేం అసంతృప్తి తమ్ముడూ?" మైకక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇరవై మూడేళ్లుగా ఊరందరి మీదా అరిచే ఉద్యోగం. అరిచినందుకు జీతం. ఇంకెవరికుంటుంది ఈ యోగం? నాకు అసంతృప్తంటే ఎవరైనా నమ్ముతారా?"

అప్పుడు నా కొట్టు పక్క బెంచీ మీద వ్యాకరణం మాస్టారు ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. రోజూ పొద్దున నా దగ్గర పేపరు తీసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, కొత్తదానిలా మడిచి మళ్లీ నాకే ఇచ్చేసేవాడు. కొన్న పాపాన పోలేదు. ఆయన మెమో అందుకుని కళ్లజోడు సర్దుకున్నాడు.

"చాలా తేలిక అమ్మాయ్. 'డిస్' అన్నది వ్యతిరేకార్థం. మాట ముందు చేరి 'కాదు' అంటుంది. 'కనెక్ట్' అంటే కలపడం, 'డిస్‌కనెక్ట్' అంటే కలిపింది తెంచడం."

"అంటే 'గ్రంటిల్డ్' అంటే సంతృప్తిగా ఉన్నవాళ్లన్నమాట. నేను అది కాదన్నమాట."

"అంతే... అంతే కదా," అన్నాడు గానీ మాస్టారి గొంతులో పట్టు సడలింది. గ్రంటిల్డ్ అనే మాట ఆయన జన్మలో ఎక్కడా విన్న పాపాన పోలేదు. "ఒక్కరోజు ఆగమ్మా. ఇంట్లో పెద్ద నిఘంటువుంది. చూసి చెప్తాను."

మర్నాడు ఆయన పేపరు కూడా అడగలేదు. తిన్నగా మైకు గది ముందుకి వెళ్లి నిలబడ్డాడు. నేనూ కొట్టు వదిలేసి వెళ్లాను. ముఖం చూస్తే ఎవరో పోయిన కబురు తెచ్చినట్టున్నాడు.

"చెప్పండి మాస్టారూ."

"చెప్పొచ్చో లేదో అర్థం కావట్లేదమ్మా."

"బూతా?"

"అబ్బే, బూతు కాదు." మాస్టారు అటూ ఇటూ చూశాడు. "జంతువు."

"ఏం జంతువు?"

ఆయన చివరికి అద్దం మధ్య మాట్లాడే సందులోకి వంగి, "పంది" అన్నాడు. మైకు స్విచ్ వేసే ఉంది. ఆ ఒక్క మాటా తొమ్మిది ప్లాట్‌ఫారాల మీదా గణగణా మోగింది.

మైకక్క స్విచ్ కట్టేసి, ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. అప్పుడు మాస్టారు బడిలో చెప్పినట్టే చెప్పుకొచ్చాడు.

"'గ్రంట్' అంటే పంది గుర్రుమనడం. దాని చివర 'ల్' చేరిస్తే అదే పని చిన్నగా, మాటిమాటికీ చెయ్యడమన్నమాట. 'స్పార్క్' అంటే ఒక నిప్పురవ్వ, 'స్పార్కిల్' అంటే రవ్వలురవ్వలుగా మెరవడం. మనం అదే మాట రెండుసార్లంటాం చూడూ, మిలమిల, గలగల అని? వాళ్లకి ఆ ఓపిక లేక 'ల్' తగిలించారు. కాబట్టి 'గ్రంటిల్' అంటే గుర్రుగుర్రుమంటూ ఉండటం. పందిపిల్లల్లాగా. తర్వాత్తర్వాత మనుషులు సణుక్కోవడానికి కూడా అదే మాట వాడారు. ఐదారొందల ఏళ్ల కిందటి మాట. ఇప్పుడెవరూ అనరు."

"మరి ముందు 'డిస్' ఉందిగా? అంటే నేను గుర్రుమనని మనిషిననేగా? మంచిదేగా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కడే నా కొంప మునిగిందమ్మాయ్. ఈ 'డిస్' కాదనే 'డిస్' కాదు. బాగా, పూర్తిగా అనే 'డిస్'. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి 'డిస్' అంటే 'కాదు' అని రాయించాను. తొడపాశాలు పెట్టి మరీ రాయించాను. రాత్రి ఆ పుస్తకం ముందు కూర్చుని నన్ను నేనే గిల్లుకున్నాను."

"అదేం మాట మాస్టారూ. ఒకటే తోక రెండు పన్లు ఎలా చేస్తుంది?"

"తోక కాదు, ముక్కు. మన దగ్గరా ఉంది. విస్మరించడంలో 'వి' ఏమంటుంది? స్మరణ లేదంటుంది. విజ్ఞానంలో అదే 'వి' ఏమంటుంది? జ్ఞానం లేదంటుందా? బాగా ఉందంటుంది. ఇదీ అంతే."

మైకక్క మెమో మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అంటే సార్ నాకు రాసిందేమిటి? నువ్వు సంపూర్ణంగా, ఆపకుండా పందిపిల్లలా గుర్రుమంటావని. మూడుసార్లు రాశాడు."

"మూలార్థం అదే. కానీ ఇప్పుడు వాడుకలో..."

"వాడుక సంగతి నాకెందుకు మాస్టారూ? ముద్ర వేసి ఇచ్చారు." మైకక్క ముఖం వెలిగిపోయింది. "అయినా మనం కూడా అంటాంగా, ఆయన నామీద గుర్రుగా ఉన్నాడని? ఇంగ్లీషువాళ్లూ మనవాళ్లేనన్నమాట!"

మాస్టారు ఉలిక్కిపడి, ఆ సంగతి తనకి తట్టనందుకు మళ్లీ చిన్నబుచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం మైకక్క ఇంట్లో కూర్చుని జవాబు రాసింది. భర్తకి చదివి వినిపిస్తే ఆయన భూతద్దం తీసి, "పంపు" అన్నాడు. ఆ జవాబు నకలు నా దగ్గరుండేది కాబట్టి దాదాపు మాటమాటా చెప్పగలను.

"అయ్యా, నేను బాగా గుర్రుమంటానని మీరు మెమోలో మూడుచోట్ల సెలవిచ్చారు. ఇరవై మూడేళ్లలో నామీద వచ్చిన ఫిర్యాదులన్నీ నేను అరుస్తానని వచ్చినవే కానీ గుర్రుమంటానని ఒక్కటీ లేదు. ఈ గదిలో గుర్రుమనేది ఒక్క మైకు మాత్రమే. దానికి చికిత్స చేయించమని నాలుగేళ్లలో తొమ్మిది దరఖాస్తులు పెట్టుకున్నాను. వాటి నకళ్లు జతచేస్తున్నాను. మాలో ఎవరు ఆ జంతువో పరిశీలించి తేల్చగలరని మనవి."

ఇంకా ఒక వాక్యం ఉంది. "సదరు జంతువు తెలివైనదనీ, దానివల్ల బస్సులు లేటు కావనీ కూడా మనవి."

సర్క్యులర్ సార్ ఆ జవాబు చదివి కోపంతో ఊగిపోయాడని పెద్ద గుమాస్తా చెప్పాడు. పంది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి బొత్తిగా అర్థం కాలేదు. తనని వెక్కిరించిందనుకుని, జవాబుని మెమోతో కలిపి పెద్దాఫీసుకి పంపాడు. పదోరోజు విచారణకి ఒక మేడం వచ్చింది. పొట్టిగా, తీవ్రమైన జలుబుతో, ప్రతి వాక్యానికీ ముక్కు తుడుచుకుంటూ ఉంది. విచారణ సార్ గదిలోనే జరిగింది. ఉద్యోగి తరఫున సాయానికి ఒకర్ని తెచ్చుకోవచ్చంటే మైకక్క వ్యాకరణం మాస్టార్ని తీసుకెళ్లింది. ఆ రోజు మైకులో వచ్చిన మాటలు విన్న సాక్షిగా నన్ను పిలిచారు. అరవైమంది విన్నారు కానీ నేను రోజూ దొరికే మనిషిని.

మేడం మెమో చదివింది. జవాబు చదివింది. ముక్కు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. నవ్వు దాచుకుంటోందని మాకు తర్వాత అర్థమైంది.

"మేనేజరుగారూ, ఈ మాటకి మీ ఉద్దేశంలో అర్థమేమిటి?"

సర్క్యులర్ సార్ లేచి నిలబడ్డాడు. "క్రమశిక్షణ లేని... అంటే... తిరగబడే స్వభావం ఉన్న..." ఆగాడు. "మెమోల్లో అలాగే రాస్తారండి మేడం."

"ఎవరు రాస్తారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బల్ల సొరుగు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక పాత కాగితం తీసి మేడం ముందు పెట్టాడు. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించి ఉంది. అదీ మెమోనే. ఆయనకి ఇచ్చిందే. ఇరవై ఏళ్ల కిందట, ఇంకో డిపోలో ఆయన చిన్న గుమాస్తాగా ఉన్నప్పుడు.

"నా మెమో చూసి రాశానండి," అన్నాడు. "పేరు, తేదీ మార్చాను. ఆ మాట అలాగే ఉంచాను. దానికి బలం ఉంటుందని. నామీద అది రాశాక నాకు ఎనిమిదేళ్లు ప్రమోషన్ రాలేదు మరి."

"అర్థం చూసుకోలేదా సార్?" మాస్టారికి ఊరుకోబుద్ధి కాలేదు.

"తిట్టని తెలుసండి. ఎంత పెద్ద తిట్టో తెలిస్తే తట్టుకోలేనేమోనని చూడలేదు."

నేను మైకక్క వైపు చూశాను. ఇలాంటి సందు దొరికితే ఆవిడ వదిలే మనిషి కాదు. నోరు తెరిచింది కూడా. కానీ అన్నది వేరే.

"మీరేం చేశారు సార్ అప్పుడు?"

"ఏం చెయ్యలేదమ్మా. సిబ్బంది మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదని రాశాను. మూడుసార్లు రాశాను."

"గడియ పెట్టారా?"

"లేదు."

"ఎన్నాళ్లు?"

"నేనున్న నాలుగేళ్లూ. ఒక చేత్తో తలుపు పట్టుకునే..." అని, మేడం ఉందని గుర్తొచ్చి ఆపేశాడు.

"మరి గుర్రుమనక ఏం చేస్తాడు సార్ మనిషన్నాక!" మైకక్క గొంతు గది దాటి మెట్లమీదికి వెళ్లిపోయింది. "దానికంత బెంగెందుకు పెట్టుకున్నారు? అది తిట్టు కాదు సార్. పందిపిల్ల సణుగుడు. అంతే. మాస్టారూ, మీరు చెప్పండి."

మాస్టారు మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి మేడం కూడా రాసుకుంది. పంది దగ్గరికి వచ్చేసరికి సర్క్యులర్ సార్ ముఖం ఎటూ కాకుండా అయింది. ముందు తెల్లబోయాడు. తర్వాత పెదవులు అదిరాయి. ఏడుస్తాడనుకున్నాను. ఒక్కసారిగా ముక్కుతో నవ్వాడు. ఎప్పుడూ నవ్వని మనిషికి నవ్వు ఎటునుంచి వస్తుందో తెలియదు కదా, అది అచ్చంగా గుర్రుమన్నట్టే వచ్చింది. దాంతో మేడం జలుబు చాటున దాచుకోవడం ఆపేసి బాహాటంగా నవ్వేసింది.

అంత నవ్వీ ఆవిడ పని ఆవిడ చేసింది. మెమో రద్దు. 'ఆలస్యం' మీద ఇచ్చిన సర్క్యులర్ రద్దు. లేటైతే లేటనే చెప్పాలి. మైకు వెంటనే బాగుచేయించాలి. అయితే ప్రభుత్వ మైకులో పై అధికారిని ఫ్యాను కింద క్షేమం అనడం మాత్రం తప్పు కాబట్టి, మైకక్క మూడు రోజులు సామాన్ల గదిలో పనిచెయ్యాలి.

"ఇదేం న్యాయం మేడం? ఫ్యాను కింద ఉన్నమాట నిజమేగా?" అంది మైకక్క.

"నిజమే. నాలుగు రోజులు చెయ్యమంటావా?"

మైకక్క మూడు రోజులకి ఒప్పుకుంది.

ఆ మూడు రోజులూ బస్టాండు చూడాల్సిన దృశ్యం. మొదటి రెండు రోజులు పెద్ద గుమాస్తా మైకు ముందు కూర్చున్నాడు. బస్సు వచ్చిందన్న మాటని కూడా ఆయన చావుకబురులా చెప్పేవాడు. ఇద్దరు ప్రయాణికులు భయపడి టికెట్లు వాపసిచ్చేశారు. మూడోరోజు ఆయన సెలవు పెడితే సర్క్యులర్ సారే వచ్చి కూర్చున్నాడు. కాగితం మీద రాసుకుని, ముందు లోలోపల చదువుకుని, తర్వాత పైకి చదివాడు. పదకొండు గంటల బస్సు అరగంట ఆలస్యమని చెప్పాక, స్విచ్ కట్టెయ్యకుండా ఒక్క క్షణం ఆగి, "క్షమించాలి" అన్నాడు. జనం తలలెత్తి చూశారు. ఆ బస్టాండులో ఆ మాట మైకులో రావడం అదే మొదలు. సామాన్ల గదిలో చీటీ కడుతున్న మైకక్క, "ఓహో, ఈయనకీ సొంతం కలపడం వచ్చే!" అంది.

తర్వాత వాళ్లిద్దరూ స్నేహితులైపోలేదు. ఆయన సర్క్యులర్లు ఇస్తూనే ఉన్నాడు, ఆవిడ వాటిని గోడకి అంటిస్తూనే ఉంది. కానీ పాత మెమో మాత్రం ఆయన సొరుగులోంచి తీసేశాడు. చింపాడో, ఇంటికి తీసుకెళ్లాడో ఎవరికీ చెప్పలేదు. సిబ్బంది మరుగుదొడ్డి తలుపులు రెండింటికీ కొత్త గడియలు వేయించాడు. వాటిమీద మాత్రం సర్క్యులర్ రాలేదు.

మాట మటుకు బస్టాండులో ఉండిపోయింది. డ్రైవర్లు పొద్దున్నే వచ్చి, "ఇవాళ గ్రంటిల్డేనా అక్కా?" అని అడిగేవారు. మంచి ఉషారుగా ఉన్నావా అని దాని భావం. అలాంటి మాటే లేదని వ్యాకరణం మాస్టారు వారం రోజులు పోట్లాడాడు. ఆపైన పెద్ద నిఘంటువు మళ్లీ తిరగేసి వచ్చి, సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. చాలాకాలం కిందట ఎవరో ఇంగ్లీషాయన కూడా సరదాకి 'డిస్' పీకేసి, సంతోషంగా ఉన్నవాడు అనే అర్థంలో దాన్ని వాడాడట. ఇప్పుడది నిఘంటువుకెక్కి కూర్చుందట. "తప్పుగా పుట్టినా చదువుకున్నవాళ్ల పక్కన చోటు సంపాదించుకుంది" అన్నాడు. ఆ రోజు సంతోషంలో ఒక పేపరు కొన్నాడు కూడా. జీవితంలో అదొక్కటే.

మైకక్క రిటైరయ్యే ముందు పెద్దాఫీసువాళ్లు పిలిపించారు. ఇకమీద మనిషి అక్కర్లేకుండా యంత్రమే ప్రకటనలు చేస్తుంది, దానికి నీ గొంతు కావాలన్నారు. గోడలకి మెత్తటి స్పాంజి అంటించిన చిన్న గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి ఊళ్ల పేర్లు, అంకెలు, 'వచ్చింది', 'బయలుదేరింది', 'ఆలస్యం' అన్నీ విడివిడిగా చదివించారు. మాటల మధ్య ఏం కలపడానికీ వీల్లేకపోవడం ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. చివరికి రికార్డు చేసిన కుర్రాడు అన్నీ అతికించి వినిపించాడు. మైకక్క తల వంచి విన్నది.

"ఎవరయ్యా ఈవిడ?"

"మీరేనమ్మా. మధ్యలో మీరు ఊపిరి పీల్చిన చప్పుళ్లన్నీ కత్తిరించేశాను. శుభ్రంగా ఉంటుందని."

"ఊపిరి తీసేసి శుభ్రంగా ఉందంటావేంటి! పోయినవాళ్లని కూడా అలాగే అంటారు. పెట్టెయ్ వెనక్కి."

అతను కాసేపు వాదించి చూశాడు. ఇప్పుడు మా బస్టాండులో ఆ యంత్రం ఊరి పేరు చెప్పే ముందు, ఆలస్యం అనే ముందు, ఇంకో రెండుచోట్ల కూడా గట్టిగా ఊపిరి పీల్చుకుంటుంది.